పాటను నిదానించిన పెద్దమ్మ

రండమ్మా, రండి నాయనా, ఇట్ల దగ్గరికి జరిగి కూచోండి. మంచం మీద చోటు చాలకుంటే చాప పరుస్తా. ఫోన్లు కాసేపు బోర్లించి పెట్టండి. నేను చెప్పేది ఒక పాట సంగతి. ఆ పాట మీ ఫోన్లలో ఉండనే ఉంది. దాన్ని కట్టినామె మాత్రం ఇప్పుడు లేదు. ఆమె ఎట్ల ఉండేదో చెప్పేటోళ్ళు గూడా తగ్గిపోతన్నారు. అందుకని చెప్తన్నా, చెవులిచ్చి ఇనండి.

మొన్న ఆమెను మట్టి చేస్తన్నారని తెలిసి, తర్లుపాడులో ఆటో ఎక్కినా. బండి కదిలిందో లేదో డ్రైవరు పాట పెట్టినాడు. ముందు డప్పులు, డప్పుల మీద ఈలలు, ఆ ఈలల మీద ఒక మొగపిల్లోడి గొంతు. "అడుగు తీసి అడుగెయ్యవే అమ్మీ..." అని ఎవరో తరుముతన్నట్టు పాడతన్నాడు. నా పక్కన కూచున్న కాలేజీ పిల్లలు కాళ్ళతో తాళం ఎత్తుకున్నారు. నా చెయ్యి నాకు తెలీకుండానే పొట్ట మీదికి పోయింది.

"ఏంది అవ్వా, కడుపులో నొప్పా?" అనింది ఒకమ్మాయి.

"లేదు తల్లీ."

డ్రైవరు అద్దంలో నన్ను చూసి, "సౌండు తగ్గించమంటావా?" అన్నాడు.

"సౌండు ఉండనీ నాయనా. పాటనే కొంచెం నిదానంగా పాడించు."

ఆటో అంతా నవ్వింది. "పాటేమన్నా ఎద్దులబండా అవ్వా, పగ్గం లాగితే నిదానించేదానికి?" అన్నాడు ఆ పిల్లోడు.

నేను గూడా నవ్వినా. వాడికేం తెలుసు. ఒకప్పుడు ఆ పాట పగ్గం ఒక ఆడమనిషి చేతిలోనే ఉండేది.

ఆమె పేరు చెప్పను. చెప్పొద్దని ఆమే అనింది, ఎందుకన్నదో ముందుకు పోతే మీకే తెలుస్తది. మేమంతా పెద్దమ్మ అనేటోళ్ళం. వాళ్ళది ఆదివారం చర్చికి పోయే ఇల్లు, మాది మేకలు కాసుకోని కొండదేవుడికి మొక్కుకునే ఇల్లు. అయితే ఏంది, కోతకు పోతే అందరం ఒకటే బారు. అందరికీ ఆమె పెద్దమ్మే.

మనిషి పొడుగు, ఎండిన కందికట్టె మాదిరి ఉండేది. చేలోకి దిగే ముందు చెప్పులు గట్టు మీద ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన రాయి పెట్టేది. "ఆ తెగిన చెప్పులు ఎవరెత్తకపోతారు పెద్దమ్మా?" అని ఎగతాళి చేస్తే, "కుక్క ఎత్తకపోయినా నాకు పోయినట్టే గదమ్మీ" అనేది. బుగ్గలో ఎప్పుడూ ఒక ఎండు ఉసిరికాయ ముక్క. కొండకు పోయేటోళ్ళతో తెప్పించుకునేది. గొంతుకు అదే నూనె అంట. ఎవరికన్నా దగ్గు వస్తే కొంగుముడి ఇప్పి ఒక ముక్క చేతిలో పెట్టేది, "నమలొద్దు, ఊరనీ. నమిలితే అది కాయ, ఊరితే మందు" అని.

ఇంట్లో ఒక్క పాట పాడేది కాదు. పండక్కి, పెండ్లికి, చంటిబిడ్డల ఉయ్యాలకు గూడా పాడదు. "పాట చేలోదమ్మీ. ఇంటికి తెచ్చుకుంటే ఎలకలు కొడతాయి" అనేది. ఒక ఆదివారం వాళ్ళ పాస్టరు అయ్యగారు అందరి ముందర లేపి, "అమ్మా, మీ గొంతు దేవుడిచ్చింది. ముందుకు వచ్చి పాడండి" అన్నాడంట.

"అయ్యగారూ, మీ పాట కూచోని పాడేది. కూచుంటే నా గొంతు లేవదు. ఒంగి పాడమంటే ఎన్నయినా పాడతా" అనిందంట ఈమె. చర్చి చర్చంతా నవ్వు. అయ్యగారు గూడా బైబిలు మొహానికి అడ్డం పెట్టుకోని నవ్వినాడంట.

ఇంక మునుం సంగతి చెప్పాల. ఇప్పుడు మిషన్లు వచ్చినాయి గాబట్టి పిల్లలకు తెలీదు. కోత చేలో ఆడోళ్ళు పక్కపక్కన నిలబడి, ఎవరి సాళ్ళు వాళ్ళు కోసుకుంటా ముందుకు నడిచే బారును మునుం అంటారు. కుడిచివరనున్నామె ముందు పాడతది, మిగిలినోళ్ళు పల్లవి అందుకుంటారు. పాట ఎంత బిరబిరా నడిస్తే కొడవలి అంత బిరబిరా నడుస్తది. పాట ఉన్నంతసేపు నడుం ఎత్తగూడదు. పాట అయిపోయినాకనే నడుం ఎత్తేది, చెమట తుడుచుకునేది, నీళ్ళు తాగేది. అందుకే చేనుగల ఆసాములు పాటామెను మంచి చేసుకుంటారు. కోతలైనాక ఆమెకొక చీర పెడతారు. ఆ చీర గొంతుకు కాదు, ఉరుకుకు.

ఇంకో కట్టు ఉంది. బారులోంచి ఒకామె మధ్యలో లేచిపోతే మునుం ఇరిగింది అంటారు. చేనుకు అరిష్టం అంట. ఇరిచినామెనూ, ఆమె ఇంటోళ్ళనూ ఆ పంటకు మళ్ళీ ఎవరూ పిలవరు. జొరమొచ్చినా, తేలు కుట్టినా, గట్టు చేరిందాకా బారులో ఉండాల్సిందే.

పెద్దమ్మ పక్కకు తిరిగి చూసేది కాదు. కొడవళ్ళ చప్పుడు ఇనే చెప్పేది. "ఆ చివర ఎవరిదో కొడవలి మొద్దుబారింది, ఆకురాయి అందియ్యండి" అనేది. చూస్తే నిజంగానే ఎవరో పీకతా ఉండేటోళ్ళు, కోయకుండా. "చెవులా, చేటలా పెద్దమ్మా అవి?" అంటే, "పాడేదానికంటే ఇనేదే ఎక్కువమ్మీ ఈ పనిలో" అనేది.

నాకు పెండ్లయి మూడేండ్లప్పటి మాట. అప్పటికి రెండు కడుపులు పోయినాయి. మొదటిది మూడో నెలలో, రెండోది అయిదు నిండతా ఉండంగ. ఆ రెండోసారి నాకు బాగా గుర్తు. ముందు నడుం కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు ఉండింది, సాయంత్రానికంతా అయిపోయింది. మార్కాపురంలో డాక్టరమ్మ, "ఈసారి నిలవాలంటే ఒంగి బరువు పనులు చెయ్యొద్దు" అని గట్టిగా చెప్పింది. మళ్ళీ కడుపు నిలిచింది. కొర్ర కోతలప్పటికి అయిదో నెల నడస్తా ఉంది.

మా పక్క ఇంకో పద్ధతి ఉంది. రెండు పోయినాక మూడోది నిలిస్తే, అయిదు నెలలు దాటిందాకా బయట చెప్పరు. దిష్టి తగులుతదని. మా అత్తకు తెలుసు, నా పెనిమిటికి తెలుసు, అంతే. ఆయన మేకల్ని తోలుకోని నల్లమల అంచుకు పోయి ఉన్నాడు. కోతకు ఇంటికి ఇద్దరు రావాలని ఆసామి కబురు పంపినాడు. నేను రాకుంటే ఎందుకు రాలేదంటారు. చెప్తే దిష్టి, చెప్పకుంటే కోత.

"అందరూ చూస్తారు, రావాల్సిందే. నేను నలుగుర్ని కోతల్లోనే మోసినా" అనింది అత్త. ఆమె రాతి మనిషి కాదు. భయం ఎక్కువ, ఆ భయాన్ని అరిచి కప్పెట్టేది.

ఆ పొద్దు చేను కాడికి పోయేసరికి నల్లమల మీద మబ్బు కూచోని ఉంది. నల్లగా, కొండకు ఇంకో కొండ పెట్టినట్టు. గాలి లేదు. ఆసామి గట్టు మీద అటూ ఇటూ తిరగతన్నాడు. ఆయన చెడ్డోడు కాదు. ముందటేడు కోసిన కొర్ర వానకు తడిసి, చేలోనే మొలకలెత్తింది. పనలు ఎత్తితే తెల్లగా ఏర్లు ఏలాడినాయి. దాన్ని పట్టుకోని ఆయన ఏడవంగ ఊరంతా చూసింది. ఈసారి గూడా అట్లయితే మనిషి నిలబడేట్టు లేడు.

"ఏమ్మే, ఇయ్యాల పాట ఆగగూడదు" అన్నాడు పెద్దమ్మతో. "ఉరుకు పాట ఎత్తుకో. మబ్బు కొండ దిగేలోపల మనం కోత ముగించి చేను దిగాల."

"అట్లనే అయ్యా. పాట ఆగదు."

మాట ఇచ్చి, చెప్పుల మీద రాయి పెట్టి, కొంగు బిగించి ఉరుకు పాట ఎత్తుకుంది. ఉరుకు పాటంటే ఊపిరి తీసుకునే సందు ఉండదు. పల్లవి అందుకునేలోపల చరణం, చరణం పట్టుకునేలోపల పల్లవి. కొడవళ్ళు కరకరమంటన్నాయి. ఎనక పనలు పడతానే ఉన్నాయి.

నేను మోకాళ్ళు ఒంచి, నడుం ఒంచకుండా కోసేదానికి చూసినా. అట్ల ఎంతసేపు కోస్తారు? కాసేపటికే ఎనకబడినా. నా ముందర నా సాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి, రెండుపక్కలా కోత అయిపోయి. దూరం నుంచి చూసేటోళ్ళకు నోట్లో ఒక్క పన్ను మిగిలినట్టు.

"ఏంది, ఆ మేకలోళ్ళ కోడలు నిద్రపోతాందా?" అని ఆసామి గట్టు మీంచి అరిచినాడు.

మా అత్త నాకు రెండు సాళ్ళ అవతలుంది. తల ఎత్తకుండానే, "కోయే, కోయి" అనింది.

ఉరికించి కోసినా. బారును అందుకున్నా. అందుకున్నానో లేదో, నడుం కింద ఆ పిడికిలి వచ్చి కూచుంది.

మీకు ఎట్ల చెప్పాల ఆ భయం. లేచి పోదామా? పోతే మునుం ఇరుగుతది, ఇంటిద్దరికీ ఆ పంట కోత పోతది, తిండిగింజలు పోతాయి. పోయి గూడా ఎందుకు పోయినావంటే చెప్పాల. ఉందామా? ఉంటే కడుపు పోతది. "అత్తా" అని పిలిచినా మెల్లగా. పాట మోతలో ఆమెకు ఇనపడలేదో, ఇనపడనట్టు ఉందో. పిడికిలి ఇంకోసారి నొక్కింది. ఎడమచేత్తో కొర్ర పట్టుకోవాల్సింది పోయి, పొట్ట పట్టుకున్నా. ఒక్క క్షణమే. మళ్ళీ కొర్ర పట్టుకున్నా.

పెద్దమ్మ ఆ చివరుంది. నన్ను చూడలేదు, నిజం. నా కొడవలి చప్పుడు తప్పిపోయిన చోటు ఆమెకు ఇనపడింది. నాకు రెండు కడుపులు పోయిన సంగతి ఊరికంతా తెలిసిందే, మిగతాది ఆమె లెక్క కట్టుకుంది.

ఉరుకు పాట ఆపలేదు. ఆఖరి మాటను అట్లనే పట్టుకోని, దారం సాగదీసినట్టు సాగదీసింది. అది ఎంత పొడుగు సాగిందంటే, మా కొడవళ్ళు దాని కింద ఏం చెయ్యాలో తెలీక గాల్లో నిలబడినాయి. ఆ సాగదీతలోంచే కొత్త పాట పుట్టింది. అంతకుముందు ఎవరమూ ఇనలేదు.

"అడుగు తీసి అడుగెయ్యవే అమ్మీ - కొండ
అవతలుండే వాన మనకేలె అమ్మీ..."

ఒక్కో అడుగుకూ నాలుగు ఊపిర్లు పట్టే నడక అది. నిండు బిందె నెత్తిన పెట్టుకోని గట్టు దిగే నడక.

"ఏంది ఆ ఏడుపు పాట?" అని ఆసామి కేక పెట్టినాడు.

"పాట ఆగలేదు గదయ్యా" అని ఆ రాగంలోనే బదులు చెప్పింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆసామికి మండింది. గట్టు దిగి మా ఎనకాలకు వచ్చి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టినాడు, ఉరుకు పాట లెక్కన. "కొయ్యండి! ఈ లెక్కన కొయ్యండి!" ముందర నిదానం పాట, ఎనక ఉరుకు చప్పట్లు. బారులో సగం మంది చేతులు అటు, సగం మంది చేతులు ఇటు. ఒకరి కొడవలి ఇంకొకరి మోచేతికి తగలబోయింది. మబ్బు కొండ దిగి చింతకొమ్మల మీదికి వచ్చింది. ఎవరూ పల్లవి అందుకోలేదు.

పల్లవి ఎవరూ అందుకోకుంటే ఆ పాట చచ్చినట్టే. అప్పుడు బారులో ఇంకెవరన్నా పాట ఎత్తుకోవచ్చు, మునుం వాళ్ళదయిపోతది. ఆసామి అదే అదనుగా, "ఎవరన్నా ఎత్తుకోండే! చీర వాళ్ళకే!" అన్నాడు.

పెద్దమ్మ ఒక్కతే పాడతా ఉంది.

"పండిన ఎన్నుకు తొందరుండాదమ్మీ - దాన్ని
పట్టి కొయ్యాలంటె ఒంగాలె అమ్మీ
పాల గింజ ఒకటి బారులోనుండాదమ్మీ - దాన్ని
పదిలంగ గట్టెక్కించాలె అమ్మీ..."

అప్పుడు తెలిసింది బారుకు. ఎవరూ నా దిక్కు తిరగలేదు. తిరగకుండానే అందరికీ తెలిసిపోయింది. నాకు మాత్రం మా అత్త మొహం కనపడింది. పాలిపోయింది. అయిదు నెలలు దాచింది చేను మధ్యలో పాటయిపోయె. ఇప్పుడు ఆమె లేచి పెద్దమ్మ మీద పడతదేమో అనుకున్నా. లేకుంటే ఉరుకు పాట తనే ఎత్తుకోని, ఏం లేదన్నట్టు కప్పెడతదేమో అనుకున్నా. అత్తకు గూడా పాటలు వచ్చు. నోరు తెరిచింది.

"అడుగు తీసి... అడుగెయ్యవే... అమ్మీ..."

గొంతు గీరుకుపోయి ఉంది, రాగం తప్పింది. అయినా పల్లవి అందుకుంది మా అత్త. ఆమె ఎనకాల ఇంకొకామె. ఇంకొకామె. కొడవళ్ళన్నీ ఒకటే లెక్కకు వచ్చినాయి. నా కుడిపక్కామె చెయ్యి చాచి నా సాల్లో ఒక పిడికెడు కోసింది, ఎడమపక్కామె ఇంకో పిడికెడు. నేను కొడవలి పట్టుకోని ఊరికే ఒక్కో అడుగు ఎయ్యడమే. మునుం ఇరగలేదు. ఆసామి అరచేతులు ఎర్రగయిందాకా కొట్టి, ఆపినాడు.

పెద్దమ్మ పాట ఆపలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. చరణాలు ఎక్కడ నుంచి తెచ్చిందో తెలీదు. చీమ మీద, పిట్ట మీద, ఆసామి గొడుగు మీద గూడా కట్టింది. చెమట ఆమె గడ్డం మీంచి కారతా ఉంటే తుడుచుకోలేదు. పిడికిలి నొక్కడం ఎప్పుడు ఆగిందో నాకే తెలీదు. అది ఆగిందని తెలిసేసరికి గట్టు కాళ్ళకు తగిలింది.

కానీ చేను దిగకముందే వాన దిగింది. ఒక మూల కోత మిగిలిపోయింది, కోసినదాంట్లో గూడా కొన్ని పనలు తడిసినాయి. ఆసామి తడస్తానే నిలబడి ఆ మూలను చూసినాడు. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"నీ కొడవలి ఇంక నా చేలోకి రాగూడదు" అన్నాడు.

"మంచిదయ్యా" అని, పెద్దమ్మ రాయి తీసి పక్కన పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకోని వానలో పోయింది.

ఇంటికి పోయినాక అత్త ఆముదం ఎచ్చ చేసి నడుముకు రాసింది. పొద్దున్నే కొడవలి తీసుకోని, "నువ్వు రావొద్దు. ఇంటికి ఇద్దరంటే మా చెల్లెల్ని తోలుకపోతా" అనింది. ఊరంతటికీ నా సంగతి తెలిసింది. అయినా ఒక్కరూ అడగలేదు. నా పొట్ట కనపడతా ఉన్నా, కనపడనట్టే పలకరించేటోళ్ళు. అట్ల దాచిపెట్టడం ఒక్క ఇల్లు చేసే పని కాదు, ఊరు ఊరే చేసింది.

ఆ నెలలు నేను ఎట్ల గడిపినానో దేవుడికి తెలుసు. రాత్రి నడుం కొంచెం పట్టినా లేచి కూచునేదాన్ని. మాఘమాసంలో బిడ్డ పుట్టింది. ఆడబిడ్డ. ఏడుపు ఇనిందాకా మా అత్త తలుపు పట్టుకున్న చెయ్యి తియ్యలేదంట.

పెద్దమ్మ చూసేదానికి వచ్చి, బిడ్డ మొహం చూడలేదు, ముందు కాళ్ళు చూసింది. బొటనేలు పట్టుకోని, "దీని నడక చూడాలమ్మీ. నిదానంగా నడుస్తదో ఏందో, నాకు చెడ్డపేరు తెస్తది" అనింది. మా అత్త నవ్వింది, నవ్వతానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అదే మా పెద్దకూతురు. ఇప్పుడు గిద్దలూరులో కాపరం. నడక మాత్రం గాలివాన.

బిడ్డ నిలిచింది, పెద్దమ్మ మునుం పోయింది. ఆ ఆసామి ఒక్కడే కాదు, "ఆమె పాట ఎత్తుకుంటే చేను దిగదు" అని చుట్టుపక్కల ఆసాములంతా అనుకున్నారు. ఉరుకు లేని పాట ఎవరికి కావాల? కొన్నాళ్ళు బారు మధ్యలో నిలబడి ఊరికే పల్లవి అందుకునేది. తర్వాత అదీ మానుకోని మార్కాపురం దగ్గర పలకరాళ్ళు కోసే పనికి పోయింది. నేను ఒకసారి పోయి చూసినా. రాయి కోసే మిషను మోత. మనిషి నెత్తి నుంచి కాలి దాకా బూడిదరంగు.

"పాడతన్నావా పెద్దమ్మా?" అని అరిచినా.

"ఏందీ?" అని అరిచింది.

"పాట!"

చెవి మీద చెయ్యి పెట్టి, మిషను దిక్కు చూపించి నవ్వింది. బుగ్గలో ఉసిరిముక్క మాత్రం అట్లనే ఉంది.

పాట ఆగలేదు. ఆ బారులో వెలిగండ్ల పక్క నుంచి కూలికి వచ్చినోళ్ళు ఉన్నారు, పామూరు పక్క ఆడబిడ్డల్ని ఇచ్చినోళ్ళు ఉన్నారు. కడుపుతో ఉన్నామె బారులో ఉంటే ఆ పాట ఎత్తుకోవడం అలవాటయింది. నోరిప్పి చెప్పకుండానే బారు అడుగు తగ్గించేది. తర్వాత కోతలు తగ్గినాయి, కూలికి ట్రాక్టర్లలో పోయే ఆడోళ్ళు కాలక్షేపానికి పాడుకున్నారు. వాళ్ళ పిల్లలు ఇన్నారు. ఆ పిల్లల్లో ఎవరో కాలేజీ ఫంక్షన్లో పాడినారు. అది ఫోన్లోకి ఎక్కింది. ఎవరో డప్పులు పెట్టినారు, ఇంకెవరో ఉరికించినారు. పాల గింజ చరణం పీకేసి, జడ మీద, పట్టీల మీద చరణాలు పెట్టినారు. పిల్లోడు పిల్లను ఎంటబడే పాటయింది. ఇప్పుడు పెండ్లి ఊరేగింపులో అది లేకుంటే డీజే బండి కదలదు.

మొదటిసారి నేను ఇన్నప్పుడు పెండ్లి పందిట్లో చెయ్యి కడుక్కోకుండా లేచి వచ్చేసినా. నాకు కోపం. నా బిడ్డ ఊపిరి లెక్కకు కట్టిన పాటను తరిమి తరిమి పాడతన్నారని కోపం. పెద్దమ్మ ఇంటే ఏమయిపోతదో అని భయం. అప్పటికే ఆమెకు పలకల దుమ్ము ఊపిరికి పట్టింది. నాలుగు మాటలంటే నాలుగుసార్లు ఆగాల.

పోయిన ఎండాకాలం ఆమెను చూసేదానికి పోయినా. నేను భయపడిందే ఎదురయింది. రేకుల వసారాలో మంచం ముందర ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఫోను పెట్టే కర్ర, చిన్న మైకు. పాట ఎక్కడ పుట్టిందో ఎతుక్కుంటా వచ్చినారంట. ఎవరో ఈ ఇల్లు చూపించినారు.

"అవ్వా, ఈ పాట కట్టింది మీరేనంట కదా?" అంటన్నాడు అబ్బాయి.

"కోతల్లో... పుట్టిందయ్యా" అనింది పెద్దమ్మ. "ఎవరిదని చెప్పాల."

నాకు ఆగలేదు. "ఈమేనయ్యా కట్టింది! నా ఎదురుగానే..." అని మొదలుపెట్టినా. మంచం మీంచి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎముకలే గానీ, పట్టు కొడవలి పట్టే.

"నా పేరు చెప్తే... ఆ పొద్దు సంగతి చెప్పాల" అనింది నా చెవి కాడ. "ఆసామి పేరొస్తది. వాళ్ళ కొడుకు... ఊళ్ళోనే ఉన్నాడు. చచ్చిపోయినాయన్ని ఫోన్లో తిట్టించొద్దమ్మీ. ఆయన ఏడుపు... ఆయనది."

నేను నోరు మూసుకున్నా. అందుకే ఈ పొద్దుకూ ఆమె పేరు చెప్పలేదు, ఆయన పేరూ చెప్పలేదు.

"పోనీ రెండు లైన్లు పాడండవ్వా, పాత పద్ధతిలో" అనింది అమ్మాయి, మైకు దగ్గర పెట్టి.

పెద్దమ్మ ఊపిరి లోపలికి లాగింది. పక్కటెముకలు పైకి లేచినాయి. "అడుగు" అనింది. అంతే, దగ్గు. నేను ఈపు రుద్దతా ఉంటే కండ్లలో నీళ్ళతో నవ్వింది. "నా ఊపిరికి... ఇప్పుడు అది గూడా ఉరుకు పాటే అమ్మీ" అనింది.

అబ్బాయి ఆమెను సంతోషపెడదామని ఫోన్లో ఆ డప్పుల పాట పెట్టినాడు. "ఆపు నాయనా" అన్నా నేను. "ఉండనీ" అనింది పెద్దమ్మ. ఫోను చేతిలోకి తీసుకోని దగ్గరగా పెట్టుకోని చూసింది. అందులో ఒక పిల్ల పట్టుచీర కట్టుకోని ఎగరతా ఉంది. చుట్టూ జనం. పాట తరుముతానే ఉంది. నేను ఆమె మొహమే చూస్తన్నా.

"ఈయమ్మి... ఏం పని చేస్తా ఉంది?" అని అడిగింది.

"పని కాదవ్వా, డాన్సు" అన్నాడు.

"కాళ్ళు నొప్పి పుడితే?"

"కూచుంటది."

"కూచుంటే... ఎవరన్నా అరుస్తారా?"

"ఎవరరుస్తారవ్వా? కూల్‌డ్రింకు ఇస్తారు."

పెద్దమ్మ ఇంకోసారి ఆ పిల్లను కాళ్ళ నుంచి మొహం దాకా చూసింది. నిజంగానే ఆ పిల్ల అలిసిపోయి, నవ్వుకుంటా పోయి కుర్చీలో కూలబడింది. ఎవరో ఇసరతన్నారు. పాట మాత్రం నడస్తానే ఉంది.

"పాట ఆగకుండానే... కూచుంది" అనింది పెద్దమ్మ. ఆ మాట ఆమె ఎట్ల అనిందో నేను మీకు అని చూపించలేను. ఫోను అబ్బాయి చేతిలో పెట్టి, "అట్లయితే ఎంతన్నా ఉరికించుకోండి నాయనా. తప్పులేదు" అనింది.

అంతేనమ్మా నేను చెప్పేది. లేవండి, పొద్దుపోయింది. మీ ఇండ్లల్లో అలిసినోళ్ళకు కూచునే చోటు ఉండాల, కూచున్నోళ్ళను అరిచే నోరు ఉండగూడదు. మీ ఆడబిడ్డ నోరిప్పి చెప్పకముందే ఆమె నొప్పి ఇనే చెవి ఒకటి మీ ఇంట్లో ఉండాల. మీ కడుపులు పండాల, మీ గింజలు తడవగూడదు, మీ పిల్లలు నిండుగా ఎదగాల. మీ గడప చల్లగుండాల తల్లీ. పొయ్యిరాండి.